మూడో తిన్నె మీద పిలుపు

మా ఊరి సముద్రంలో మూడో ఇసుక తిన్నెకి చెడ్డపేరు ఉండేది. చీకటి పడ్డాక అక్కడ నిలబడితే ఎవరో పిలుస్తారని.

ఎవరో అంటే ఎవరో కాదు. మనవాళ్ళే. మన ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది అది. నాన్న ఉన్నవాడికి నాన్నలా, చెల్లెలున్నవాడికి చెల్లెలిలా... "కాలు ఇరుక్కుంది, వచ్చి లాగు" అంటుంది. పలికావా — అయిపోయావు. వెనక్కి తిరిగి చూసినా అంతే. చేతిలో దీపం ఉంటే ఆర్పెయ్యాలి. నోరు మూసుకుని ఒడ్డుకి వచ్చెయ్యాలి. తెల్లవారేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే అది గుమ్మందాకా వస్తుంది.

ఇదంతా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు.

నాకు ఈమధ్య పొద్దున ఏం తిన్నానో మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. ఈ సంగతి మాత్రం ఇంకా పోలేదు. పోకముందే రాసి పెడుతున్నాను. ఇందులో ఉన్న ముగ్గురూ ఇప్పుడు లేరు కనక రాయొచ్చు.

మొదట మా మరిది సంగతి చెప్పాలి. మా ఆయనకి తమ్ముడు. గడియారాలు బాగుచేసేవాడు. బస్టాండు వెనక తలుపంత వెడల్పున్న కొట్టు. పొద్దస్తమానం కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరలు పట్టకారుతో పట్టుకుని కూర్చునేవాడు. మాట తక్కువ. కొట్టు మూయగానే గాలపు గడ భుజాన వేసుకుని సముద్రానికి పోయేవాడు.

వల కాదు, పడవ కాదు. మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ పోయి పట్టడం. ఎర కూడా రొయ్యా వానపామూ కాదు — రబ్బరు చేప. వేలెడంత ఉంటుంది, మెత్తగా, తోక పల్చగా. దాన్ని తనే పోసుకునేవాడు. వంటింట్లో పొయ్యి మీద రబ్బరు కరిగించి, రంగు కలిపి, ప్లాస్టరు అచ్చులో పోసేవాడు. తలలోకి సీసపు గుండున్న గాలం గుచ్చేవాడు. ఆ వాసనకి అతని భార్య, అంటే మా తోడికోడలు, ముక్కుకి గుడ్డ కట్టుకుని వండేది.

"వాటికి కళ్ళు కూడా దిద్దుతారు అక్కా," అనేది నాతో. "నా మొహం ఎలా ఉందో అడిగితే మాత్రం భూతద్దం తీసి చూడరు."

అతనికి కావలసింది ఒకటే రకం చేప. తల చూస్తే ఎవరో రోకలితో చదును చేసినట్టుంటుంది. పలకలా ఉంటుందని అతను దాన్ని పలకతల అనేవాడు. అది ఈదుతూ తిరగదు. అడుగున ఇసుక కప్పుకుని పడుకుంటుంది, కళ్ళు మాత్రం పైకి పెట్టి. ఏదైనా పైనుంచి దిగితే — చటుక్కున నోరు తెరుస్తుంది. అందుకే గడ రెండుసార్లు ఎత్తి వదిలెయ్యాలట. ఎర లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడు పడుతుందట.

ఆటుకి నీళ్ళు వెనక్కి తీశాక ఇసుక మీద ఆ చేపల పడకలు కనిపిస్తాయి. ఇక్కడొకటి, అక్కడొకటి... తలా తోకా తెలిసేలా గుంటలు. అవి చూసి మా మరిది, రేపు ఎక్కడ నిలబడాలో ఇవాళే అనుకునేవాడు.

ఇంకొకటి. ఆ నీళ్ళలో కాలు ఎత్తి వెయ్యకూడదు. ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి. అడుగున టేకు చేపలు పడుకుని ఉంటాయి. ఈడ్చుకుంటూ పోతే తప్పుకుంటాయి. ఎత్తి తొక్కితే తోకలో ముల్లు మడమలో దించుతాయి. తెలిసినవాళ్ళు చెబితే తప్ప తెలిసే సంగతి కాదు.

ఇక మూడో మనిషి. మా తోడికోడలి తమ్ముడు. ఆస్పత్రిలో కంపౌండరు. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. ఆమె పెళ్ళయ్యాక ఆమెతోనే వచ్చేశాడు. ముందుగదిలో ఉండేవాడు. పొడుగ్గా, సన్నగా, నోరు మాత్రం మూతపడని మనిషి. అతను లేకపోతే ఆ ఇంట్లో గడియారాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఒకరోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మా మరిది భోజనానికి కూర్చున్నాడు. కంపౌండరు గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"బావా, మొన్న నాలుగు తెచ్చావు, నిన్న ఐదు. ఎక్కడివివి?"

"సముద్రంలోవి."

"అబ్బో. నేను బావిలో తోడావనుకున్నాను." నావైపు చూసి కన్ను గీటాడు. "వారం నుంచి రెండో తిన్నె మీద నిలబడుతున్నాను పెద్దక్కా. ఒక్కటి తగల్లేదు. నా మొహం చూసి పారిపోతున్నాయంటావా?"

"మొహం కాదు, నోరు," అన్నాడు మా మరిది కంచంలోంచి తలెత్తకుండా. "నువ్వు అరుస్తుంటే నీళ్ళలో చేపలేమిటి, ఒడ్డున కుక్కలు కూడా నిలవవు."

అందరం నవ్వాం. కంపౌండరు కూడా నవ్వాడు.

"నిజం చెప్పు బావా. మూడో తిన్నెకి పోతున్నావు కదూ?"

మా తోడికోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. "దీపాలు పెట్టేవేళ ఆ పేరెందుకురా," అంది మెల్లగా.

"ఏమవుతుందే అక్కా. దెయ్యం ఎదురైతే ఒక సూది పొడుస్తాను. నాలుగు రోజులదాకా కూర్చోనూలేదు, నిలబడనూలేదు."

మా మరిది నవ్వలేదు.

మర్నాడు కొట్లో పదిమంది ఉండగా కంపౌండరు ఇంకో ఆట ఆడాడట. బల్ల కింద దూరి, సన్నగా ఏడుపు గొంతుతో — "బావా... కాలు బావా... వచ్చి లాగు బావా..." అన్నాడట. జనం పడీపడీ నవ్వారు. మా మరిది పట్టకారులోంచి చిన్న మర జారి కింద పడింది. దానికోసం అరగంట నేల మీద పాకాడట, అందరూ చూస్తుండగా.

అది జరిగిన ఐదో రోజో ఆరో రోజో... సరిగ్గా చెప్పలేను. అమావాస్య దగ్గర్లో అని మాత్రం గుర్తు. ఇప్పుడు చెప్పేది మా మరిది మర్నాడు మా అందరి ముందూ చెప్పినది.

ఆ రోజు నీళ్ళు బాగా తీశాయి. పొద్దు వాలేసరికి మూడో తిన్నె వీపు బయటపడింది. రెండో తిన్నెకీ దానికీ మధ్య ఒక గాడి ఉంది. నీళ్ళు తీసినప్పుడు మోకాలి లోతు. పోటు మొదలైతే మాత్రం నీరు ముందునుంచి రాదు. ఆ గాడిలోంచి, వెనకనుంచి వస్తుంది. మనం సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటాం... వెనక దారి మూసుకుపోతుంది.

చేపల వెంట పడి, ఎంత దూరం వచ్చాడో చూసుకోలేదన్నాడు. రెండు పడ్డాయి. మూడోది మోచేతంత ఉంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ ఉండగా వెలుగు పోయింది. నుదుటికి కట్టుకున్న లైటు వేసుకున్నాడు.

విసిరాడు. సీసం అడుగుకి తగిలింది. గడ ఎత్తాడు. మళ్ళీ ఎత్తాడు. వదిలాడు...

అప్పుడు వినిపించింది.

"బావా..."

వెనకనుంచి. గాడి వైపునుంచి.

చేతిలో గడ అలాగే ఉండిపోయింది. అల ఒకటి మోకాళ్ళకి తగిలి పోయింది. ఇంకొకటి.

"బావా. ఇటు చూడు బావా."

కంపౌండరు గొంతే. కానీ కంపౌండరు ఆ వేళకి ఆస్పత్రికి బయల్దేరాలి. ఆ వారమంతా అతనికి రాత్రి డ్యూటీ.

"కాలు బావా... కాలు..."

మా మరిది పలకలేదు. తిరగలేదు. గాలపు తాడు చుట్టేశాడు. లైటు ఆర్పేశాడు. గాడి వైపు రాకుండా, ఒడ్డునున్న ఐసు ఫ్యాక్టరీ దీపాలు ఎదురుగా వచ్చేదాకా తిన్నె మీదే చీకట్లో నడిచి, గాడి ముగిసే ఆ చివరనుంచి చుట్టు తిరిగి ఒడ్డుకి చేరాడు. నడిచినంతసేపూ వినిపిస్తూనే ఉందట. మొదట గట్టిగా... తరువాత తిడుతున్నట్టు... తరువాత బతిమాలుతున్నట్టు. చివరికి అలల చప్పుడులో కలిసిపోయిందట.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. భోజనానికి కూర్చున్నాడు. భార్య వడ్డించింది. ఒకసారి "నీళ్ళు" అన్నాడట. అంతే. ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. తెల్లవారేదాకా ఆ మాట ఎత్తకూడదు కదా.

తెల్లవారింది. వలలు లాగేవాళ్ళు చూశారు.

మూడో తిన్నె మీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు కంపౌండరు. రాత్రంతా వచ్చి పోయిన నీళ్ళు నడుముదాకా ఇసుక కప్పాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ కాలు వాచి నల్లబడింది. చీలమండ పైన చిన్న కన్నం.

ఆస్పత్రిలో అతను రోజూ తుడిచే బల్ల మీదే పడుకోబెట్టారు. డాక్టరు కాలు చూసి, "టేకు ముల్లు. ఇది ప్రాణం తీసే దెబ్బ కాదు. నొప్పికి అడుగు వెయ్యలేకపోయి ఉంటాడు. ఈలోగా పోటు వచ్చింది," అన్నాడు.

డాక్టరు మాట ఎవరికి కావాలి. ఊరంతా ఒకటే మాట — ముందు కంపౌండర్ని మింగింది. మింగి, వాడి గొంతు ఎత్తుకుని, గడియారాలాయన్ని పిలిచింది. ఆయన నియమం తప్పలేదు కనక బతికాడు.

మా తోడికోడలు మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు లేచి, భర్త కాళ్ళ దగ్గర కూర్చుని, "మీరైనా మిగిలారు," అంది. మా మరిది గోడవైపు తిరిగాడు. దుఃఖం అనుకున్నాను.

ఆ తరువాత అతను గడ పట్టలేదు. అచ్చులూ రబ్బరూ అన్నీ అటక మీదికి పోయాయి. కొట్టుకి వచ్చినవాళ్ళు ఆ రాత్రి సంగతి చెప్పమని అడిగితే చెప్పేవాడు కాదు. చెప్పకపోతే జనం మానేస్తారా. వాళ్ళే కల్పించుకుని, వాళ్ళే భయపడి, పిల్లల్ని భయపెట్టేవాళ్ళు.

పదహారేళ్ళు గడిచాయి.

మా మరిదికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది — మరలు పట్టుకునే చెయ్యి. నేను మధ్యాహ్నాలు వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు మా తోడికోడలు మందులకి వెళ్ళింది. అతను తలుపు వైపు చూసి, మంచం పక్కకి రమ్మని ఎడమ చేత్తో సైగ చేశాడు.

"వదినా, ఆ దెయ్యాన్ని నేనే పుట్టించాను."

జ్వరం ఏమోనని నుదురు చూడబోయాను. చెయ్యి తోసేశాడు.

"మూడో తిన్నె మీద చేపలు నాకొక్కడికే తెలుసు. ఇంకెవరూ రాకూడదు. కొట్లో కూర్చున్నవాళ్ళతో ఒకమాట అన్నాను, అక్కడ ఎవరో పిలిచారని. నెల తిరిగేసరికి ఊరంతా విన్నవాళ్ళే." ఊపిరి తీసుకున్నాడు. "ఉత్త దెయ్యమంటే మగవాళ్ళు భయపడరు వదినా. అందుకే మనవాళ్ళ గొంతుతో పిలుస్తుందని చేర్చాను. ఎంత ఆలోచించి చేర్చానో. దీపం ఆర్పడం, తెల్లారేదాకా నోరు మూసుకోవడం... అన్నీ నావే."

"మరి ఆ రాత్రి గొంతు?"

"వాడిదే."

గోడ మీద గడియారాలు కొట్టుకుంటున్నాయి.

"నా వెనకాలే వచ్చాడు. నా చోటు కనిపెట్టేశాడు. పైగా నా దెయ్యంతో నన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కొట్లో బల్ల కింద దూరి అన్న మాటలే. కాలు బావా అని. ఎంత బాగా ఏడుస్తున్నాడు అనుకున్నాను... నవ్వొచ్చింది వదినా. లైటు ఆర్పింది భయంతో కాదు. నా వెలుగు చూసుకుంటూ వాడు దారి పట్టకూడదని."

"పోటు వస్తుందని తెలుసు కదయ్యా."

"గంటలో నడుముదాకా వస్తుందని తెలుసు. వాడికి ఈత రాదనీ తెలుసు. తడిసి, హడిలిపోయి, పరిగెత్తుకొస్తాడు, ఇక నోరు మూతపడుతుంది అనుకున్నాను. భోంచేస్తూ కూడా అదే. ఇప్పుడు మోకాళ్ళు... ఇప్పుడు తొడలు..." ఎడమ చెయ్యి దుప్పటి మీద జానెడు జానెడు పైకి జరిగింది. "ఆ తరువాత డ్యూటీకి పోయుంటాడులే అనుకుని నిద్రపోయాను. బాగా నిద్రపట్టింది."

దుప్పటి మీదనుంచి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను.

"కాళ్ళు ఈడ్చి నడవాలని వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగాడో... ఏం చేస్తావు బావా, ఎలా పట్టుకుంటావు బావా అని. చెప్పలేదు."

బయట గేటు చప్పుడైంది. నా మణికట్టు పట్టుకున్నాడు.

"దానికి చెప్పకు. నేను పోయాక కూడా. తమ్ముణ్ణి దెయ్యం తీసుకుపోయిందనుకుంటేనే అది బతుకుతుంది."

"సరే," అన్నాను. అనేశాను.

ఆ వానాకాలంలోనే పోయాడు.

అతను పోయిన నెల రోజులకి మా తోడికోడలు అటక మీది సామాను దింపుతుంటే సాయం వెళ్ళాను. రేకు డబ్బాలో రబ్బరు చేపలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆవిడ నేల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటీ విడదీస్తోంది. నేను పెట్టెలు తుడుస్తున్నాను.

"ఆయన ఉండగా ఒక మాట చెప్పలేకపోయాను అక్కా," అంది. "చెబితే కోప్పడేవారు. చీకట్లో ఒక్కదానివి ఒడ్డుకెందుకు వెళ్ళావని."

"ఎప్పుడు వెళ్ళావు?"

"ఆ రోజే. చీకటి పడ్డా ఈయన రాలేదని టార్చి తీసుకుని వెళ్ళాను. ఒడ్డున మెట్ల దగ్గర నిలబడి నీళ్ళ మీదికి వేశాను. ఎవరూ కనిపించలేదు. అప్పుడు — నన్నూ పిలిచింది."

పెట్టె మూత వేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అక్కా అని పిలిచింది. టార్చి వెలుగు అటు పడగానే మొదలుపెట్టింది. అక్కా, అక్కా, ఇటు అక్కా... తమ్ముడి గొంతే. చిన్నప్పుడు జ్వరమొస్తే అర్ధరాత్రి లేచి పిలిచేవాడు, అచ్చం అలాగే."

"నువ్వేం చేశావు?"

"టార్చి ఆర్పేశాను."

కొంచెం గర్వంగానే చెప్పింది.

"ఒక్క అడుగు ముందుకి వేశాను కూడా అక్కా. నీళ్ళలో పడ్డాయి కాళ్ళు. అప్పుడు ఈయన మాట గుర్తొచ్చింది, మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని. ఇక వెనక్కి చూడలేదు. ఇంటికొచ్చి, కాసేపటికి ఆయన వస్తే వడ్డించాను. నోరు విప్పలేదు. ఆయన కూడా విన్నారని తెల్లారాక కదా తెలిసింది. ఇద్దరం నియమం పాటించాం కనకే ఇద్దరం మిగిలాం."

"చాలాసేపు పిలిచిందా?" అని అడిగాను.

"టార్చి ఆర్పగానే గట్టిగా అరిచింది. ఆర్పకు అక్కా, వెలుగు ఆర్పకు అని. నేను వీధి మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది." ఒక చేప తోక తెగి వచ్చింది. దాన్ని పక్కన పెట్టింది. "ఒక్కటే అర్థం కాదు అక్కా నాకు. వాడి గొంతు దానికి అంత బాగా ఎలా వచ్చింది?"

తలెత్తి నా మొహంలోకి చూసింది. జవాబు కోసం ఆగింది.

"దెయ్యం కదమ్మా," అన్నాను. "దానికి అన్ని గొంతులూ వస్తాయి."

"అంతేలే," అంది.